పసి గ్రహాలు దున్నిన చాళ్లు

శని వలయాల్లో ఎంకీ ఖాళీ అని ఒకటుంది. వెడల్పు సుమారు 325 కిలోమీటర్లు. దాని అంచులు నున్నగా లేవనీ, సన్నటి అలలు తిరిగి ఉన్నాయనీ 1985లో జెఫ్ కజ్జీ, జెఫ్రీ స్కార్గిల్ వాయేజర్ ఫొటోల్లో గమనించారు. ఆ అలల తీరును బట్టి ఖాళీ లోపల అప్పటివరకూ ఎవరికీ కనబడని చంద్రుడొకడు తిరుగుతుండాలని తేల్చారు. 1990లో మార్క్ షోవాల్టర్ తొమ్మిదేళ్ల కిందటి వాయేజర్ 2 ఫొటోల్ని మళ్లీ ముందేసుకుని గాలిస్తే ఆ చంద్రుడు దొరికాడు. పాన్ అని పేరు పెట్టారు. అడ్డంగా కొలిస్తే సగటున 28 కిలోమీటర్లు. అంత చిన్న ముద్ద తనకంటే పదింతలకు పైగా వెడల్పైన దారిని వలయంలో ఊడ్చి ఉంచుతోంది.

ఖాళీని చూసి, అందులో తిరిగేదాన్ని ఊహించి, ఆ తర్వాత వెతికి పట్టుకోవడం. ఇదే పనిని ఇప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞులు వందల కాంతి సంవత్సరాల దూరాన చేస్తున్నారు. అప్పుడే పుట్టిన నక్షత్రం చుట్టూ ధూళి, వాయువు కలిసి బల్లపరుపుగా పరుచుకుని తిరుగుతుంటాయి. గ్రహాలు పుట్టేది ఆ డిస్క్‌లోనే. గత పదేళ్లలో ఇలాంటి డిస్క్‌లను ఎన్నింటినో ఫొటోలు తీశారు. వాటిలో వలయాలున్నాయి, ఖాళీలున్నాయి, సర్పిలాకారపు చేతులున్నాయి, ఒక పక్కనే పోగుపడ్డ ధూళి గుట్టలున్నాయి. ఖాళీ కనిపిస్తే చాలు, అక్కడ గ్రహం ఉందన్న మాట వార్తల్లో దాదాపు స్థిరపడిపోయింది.

ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేం. పసి గ్రహం తాను పుట్టిన డిస్క్‌ను మలుస్తుందనడంలో సందేహం లేదు. సిద్ధాంతం ఎప్పుడో చెప్పింది, ఇప్పుడు కళ్లారా చూశాం కూడా. కానీ డిస్క్ గ్రహం సాయం లేకుండానే వలయాలు కట్టుకోగలదు, ఆ వలయాల్లో గ్రహాలు పుట్టనూగలవు. ఒక్క ఖాళీని పట్టుకుని గ్రహాన్ని నిర్ధారించలేం. వాయువు కదలికలోనో, గ్రహం సొంత వెలుగులోనో రెండో సాక్ష్యం దొరకాలి. నలభై ఏళ్ల ఈ పరిశోధనను ఆ దృష్టితో చూస్తే ఏది గట్టిగా నిలిచిందో, ఏది ఇంకా ఊగిసలాడుతోందో తెలుస్తుంది.

సిద్ధాంతం మొదలైంది కూడా వలయాల దగ్గరే. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, నక్షత్రం అసలు మరుగు పడకముందే కొన్నిసార్లు మిణుకుమంది. యురేనస్‌కు సన్నటి వలయాలున్నాయని అలా బయటపడింది. విమానంలోంచి చూసిన అమెరికా బృందంతో పాటు తమిళనాడులోని కావలూరు వేధశాల కూడా ఆ రాత్రి ఆ మరుగును నమోదు చేసింది. హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు నెలకొల్పిన వేధశాల అది. అంత సన్నటి వలయాలు చెదిరిపోకుండా ఎలా నిలుస్తున్నాయి? రెండు పక్కలా చిన్న చంద్రులు కాపలా కాస్తుండాలని 1979లో పీటర్ గోల్డ్‌రీచ్, స్కాట్ ట్రెమెయిన్ చెప్పారు. 1986లో వాయేజర్ 2 యురేనస్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక వలయానికి అటూ ఇటూ కార్డీలియా, ఒఫీలియా అనే రెండు చంద్రులు దొరికాయి. గోల్డ్‌రీచ్, ట్రెమెయిన్ అదే గణితాన్ని నక్షత్రాల చుట్టూ ఉండే డిస్క్‌లకూ వర్తింపజేశారు. డగ్లస్ లిన్, జాన్ పాపలోయిజూ కూడా ఆ ఏళ్లలోనే ఆ దారి పట్టారు. డిస్క్‌లో ఖాళీని ఎవరైనా ఫొటో తీయడానికి చాలా ఏళ్ల ముందే అది ఎలా ఏర్పడుతుందో కాగితం మీద ఉంది.

ఆ లెక్కలో ఒక విచిత్రం ఉంది. గురుత్వాకర్షణ దగ్గరికి లాగుతుంది గదా, మరి గ్రహం చుట్టూ ఖాళీ ఎందుకు ఏర్పడాలి? నక్షత్రానికి దగ్గరగా ఉన్నది వేగంగా తిరుగుతుంది, దూరంగా ఉన్నది నెమ్మదిగా తిరుగుతుంది. అందుకని గ్రహానికి లోపలివైపు ఉన్న వాయువు గ్రహాన్ని దాటుకుని ముందుకు పోతుంటుంది. అలా ముందుకు పోయేదాన్ని గ్రహం వెనక్కి లాగుతుంది. వాయువు కోణీయ ద్రవ్యవేగాన్ని కోల్పోయి ఇంకా లోపలి కక్ష్యలోకి జారుతుంది. బయటివైపు ఉన్న వాయువు గ్రహం కంటే వెనకబడుతుంటుంది, గ్రహం దాన్ని ముందుకు లాగుతుంది. ఆ ఊపు అందుకుని అది ఇంకా బయటికి తొలగిపోతుంది. చేసింది లాగడమే, జరిగింది మాత్రం నెట్టివేయడం. నాగలి పోయిన చోట మట్టి రెండు పక్కలకూ ఒరిగి నడిమధ్య చాలు పడ్డట్టు, గ్రహం పోయే దారిలో వాయువు రెండు వైపులా ఒత్తిగిలి మధ్యలో పలుచబడుతుంది. ఈ లాగుడు కొన్ని ప్రత్యేకమైన కక్ష్యల దగ్గర, అనునాదం కుదిరే చోట, బలంగా పనిచేసి సర్పిలాకారపు అలల్ని లేపుతుంది. ఆ అలలు దూరం పోయి విరిగినప్పుడు, అవి మోసుకెళ్లిన కోణీయ ద్రవ్యవేగం అక్కడి వాయువుకు చేరుతుంది.

తవ్విన చాలు తవ్వినట్టు ఉండదు. పీడనం పక్కల నుంచి వాయువును లోపలికి తోస్తుంటుంది, డిస్క్‌లోని కల్లోలం దాన్ని కలగలిపి పూడుస్తుంటుంది. తవ్వకం పూడికను మించాలంటే గ్రహానికి తగిన బరువుండాలి. మన గురుగ్రహం ఉన్న దూరంలో ఆ హద్దు ఇంచుమించు శనిగ్రహపు బరువు దగ్గర వస్తుంది. భూమంత గ్రహం వాయువులో చెప్పుకోదగ్గ ఖాళీ చేయలేదు, అలలు లేపి ఊరుకుంటుంది.

కల్లోలం ఎంత అన్నది చాలాకాలం పాటు ఊహే. అయస్కాంత క్షేత్రం పట్టి ఉన్న తిరిగే వాయువు నిలకడగా ఉండలేదని 1959లో వెలిఖోవ్, 1960లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గణితంతో చూపారు. 1991లో బాల్బస్, హాలీ దాన్ని డిస్క్‌లకు అన్వయించాక కల్లోలానికి కారణం దొరికిందనుకున్నారు. తీరా కొలిస్తే చాలా డిస్క్‌లు అనుకున్నదానికంటే ప్రశాంతంగా ఉన్నాయి. వాయువు చల్లగా ఉండి విద్యుదావేశం తక్కువైన చోట అయస్కాంత క్షేత్రానికి దానిమీద పట్టు చాలదు. ఈ ప్రశాంతత వల్ల ఒక ముఖ్యమైన చిక్కు వచ్చింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వాయువు సంగతి ఇది. ఫొటోల్లో మనకు కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం ధూళి. బరువులో డిస్క్‌లో నూరింట ఒక వంతు మాత్రమే ఉండే ధూళి వాయువు కంటే భిన్నంగా ప్రవర్తిస్తుంది. వాయువుకు పీడనం ఉంది. లోపల ఎక్కువ, బయట తక్కువ. ఆ పీడనం నక్షత్రపు లాగుడును కొద్దిగా తగ్గిస్తుంది కాబట్టి వాయువు, అదే దూరంలోని ఒంటరి రాయి కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. తేడా ఒక శాతం కూడా ఉండదు. కానీ రాయికి అది ఎదురుగాలి. ఎదురుగాలి తగిలినకొద్దీ వేగం కోల్పోయి నక్షత్రం వైపు జారుతుంది. స్టువర్ట్ వైడెన్‌షిలింగ్ 1977లో వేసిన లెక్క ఇప్పటికీ కలవరపెట్టేదే. భూమి ఉన్న దూరంలో మీటరు సైజు రాయి వందేళ్ల పాటి కాలంలో సూర్యుడిలోకి జారిపోతుంది. బయట, నెప్ట్యూన్‌కు అవతలి దూరాల్లో మిల్లీమీటరు రేణువులకూ లక్ష సంవత్సరాల లెక్కలో ఇదే గతి. గ్రహాలు తయారు కావడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అసలు ధూళి మిగలకూడదు, గ్రహాలు పుట్టకూడదు.

మిగలాలంటే ఎక్కడో ఆగాలి. పీడనం బయటికి పోయేకొద్దీ తగ్గకుండా ఒకచోట కాస్త పెరిగి మళ్లీ తగ్గితే, ఆ ఎత్తు మీదికి రెండు వైపుల నుంచీ ధూళి వచ్చి చేరుతుందని ఫ్రెడ్ విపుల్ 1972లోనే చెప్పారు. ఎత్తుకు లోపలివైపు వాయువు మామూలు కంటే వేగంగా తిరుగుతుంది, రేణువుకు వెనకగాలి తగిలి బయటికి కదులుతుంది. బయటివైపు ఎదురుగాలి తగిలి లోపలికి వస్తుంది. గ్రహం చాలు దున్నినప్పుడు దాని బయటి గట్టు సరిగ్గా ఇలాంటి పీడనపు ఎత్తే. బయట నుంచి జారివచ్చే ధూళి అక్కడ ఆగి వెలిగే వలయంగా పోగుపడుతుంది. ఈ పని చేయడానికి గ్రహం శనిగ్రహమంత బరువు ఉండనక్కర్లేదు. భూమికి 15, 20 రెట్లుంటే చాలు. అంటే యురేనస్, నెప్ట్యూన్ల పాటి గ్రహం వాయువులో చిన్న గుంట మాత్రమే చేసి, ధూళిలో మాత్రం స్పష్టమైన ఖాళీని, వలయాన్ని నిలబెట్టగలదు.

అతి సన్నటి, మైక్రాన్ పరిమాణపు ధూళికి ఈ గాలుల బెడద లేదు. వాయువుతోనే కొట్టుకుపోతుంది. అందుకే ఒకే డిస్క్ రెండు రకాల టెలిస్కోపుల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ మీది స్ఫియర్ పరికరం సన్నధూళి మీద పడి చెదిరిన నక్షత్రపు వెలుగును పట్టుకుంటుంది. ఆల్మా మిల్లీమీటరు రేణువుల సొంత ప్రసారాన్ని పట్టుకుంటుంది. ఒకదానిలో నిండుగా ఉన్న చోట రెండోదానిలో ఖాళీ ఉందంటే, అక్కడ పీడనపు గట్టు ముతకధూళిని ఆపి సన్నధూళిని వదిలేస్తోందని అర్థం. అలాంటి తేడా కనిపించిన చోట ధూళిని ఏదో వడకడుతోందన్న మాట. ఒక్క టెలిస్కోపు ఫొటోతో ఆ విషయం తేలదు.

ఆల్మా గురించి ఒక్క మాట. అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 డిష్‌లు కలిసి ఒకే టెలిస్కోపుగా పనిచేస్తాయి. వాటిని 15 కిలోమీటర్లకు పైగా ఎడంగా పరిచి తీసిన తొలి ఫొటోల్లో ఒకటి 2014 నవంబరులో విడుదలైంది. వృషభ రాశి దిక్కున, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హెచ్‌ఎల్ టౌ అనే నక్షత్రం అది. ఆ ఫొటో చూసి ఈ రంగంలో ఉన్నవాళ్లే నమ్మలేకపోయారు. ఒకదాని వెంట ఒకటిగా వెలుగు వలయాలు, మధ్యమధ్య చీకటి పట్టీలు, గీసినట్టున్నాయి. నక్షత్రం వయసు చూస్తే పది లక్షల ఏళ్లు దాటదు. గురుగ్రహంలాంటిది తయారు కావడానికి కొన్ని పదుల లక్షల ఏళ్లు పడుతుందని అప్పటి ప్రామాణిక లెక్క. ఆ చీకటి పట్టీలు గ్రహాలవైతే గ్రహాలు అనుకున్నదానికంటే చాలా తొందరగా పుడుతున్నాయి. కావంటే వలయాలు కట్టే మరేదో పద్ధతి ఉంది.

ఈ రెండో మాటకు దన్నుగా వెంటనే ప్రతిపాదనలు వచ్చాయి. నీరు, అమ్మోనియా, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి మంచుగా గడ్డకట్టే దూరాల దగ్గర రేణువుల స్వభావం మారి వలయాలు కనిపించవచ్చన్నారు. అయస్కాంత క్షేత్రం పట్టు ఉన్న ప్రాంతం, లేని ప్రాంతం కలిసే సరిహద్దులో వాయువు పోగుపడవచ్చన్నారు. తేల్చుకోవాలంటే ఒక్క డిస్క్ చాలదు. 2018 డిసెంబరులో షాన్ ఆండ్రూస్ బృందం డీషార్ప్ పేరుతో 20 డిస్క్‌ల ఫొటోలను ఒకేసారి వెలువరించింది. సుమారు 5 ఖగోళ ప్రమాణాల వెడల్పున్న వివరాలు కూడా వాటిలో తెలుస్తాయి (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, ఒక ఖగోళ ప్రమాణం). దాదాపు అన్నింటిలోనూ ఏదో ఒక నిర్మాణం, ఎక్కువ వాటిలో వలయాలే. వలయాలు మంచు గీతల వల్లే అయితే, ఎక్కువ వెలుగునిచ్చే నక్షత్రాల దగ్గర అవి దూరంగా, మసక నక్షత్రాల దగ్గర చేరువగా ఉండాలి. అలాంటి పొంతన కనిపించలేదు. మంచు గీతలు అన్ని వలయాలకూ కారణం కావని అలా తేలింది. అయస్కాంత క్షేత్రాల వాదం మాత్రం నేటికీ పూర్తిగా వీగిపోలేదు.

ఇక ముందు చెప్పిన చిక్కు. ప్రశాంతమైన డిస్క్‌లో గ్రహం లేపిన సర్పిలాకారపు అల చాలా దూరం పోయి, ఒక్కచోట కాక రెండు మూడు చోట్ల విరుగుతుంది. విరిగిన ప్రతిచోటా మరో ఖాళీ పడుతుంది. డీషార్ప్‌లోని ఏఎస్ 209 డిస్క్‌లో కనిపించే ఖాళీలలో ఐదింటిని, సుమారు 99 ఖగోళ ప్రమాణాల దూరంలో ఒకే ఒక్క గ్రహాన్ని పెట్టి కంప్యూటర్ నమూనాలో తెప్పించగలిగారు. ఖాళీలు లెక్కపెట్టి గ్రహాల సంఖ్య చెప్పడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే తెలుస్తుంది. కల్లోలం ఎంతో తెలియకుండా ఖాళీ వెడల్పు నుంచి గ్రహం బరువు చెప్పడంలోనూ ఇదే ఇబ్బంది. ఒకే వెడల్పు ఖాళీని ప్రశాంతమైన డిస్క్‌లో చిన్న గ్రహం, కల్లోలమున్న డిస్క్‌లో పెద్ద గ్రహం చేస్తుంది. హెచ్‌ఎల్ టౌలో ముతకధూళి పొర ఎంత పల్చనో చూశాక, 100 ఖగోళ ప్రమాణాల దూరంలో ఒక్క ఖగోళ ప్రమాణం పాటి మందమే ఉందని తెలిశాక, ప్రశాంతత వైపే మొగ్గు ఉంది. అలాగైతే మొదట్లో గ్రహాలకు అంచనా కట్టిన బరువుల్లో చాలావాటిని తగ్గించుకోవాలి.

ఇంతవరకూ చెప్పినదంతా ధూళి ఫొటోల నుంచి చేసిన అనుమానం. వాయువును నేరుగా అడగడం 2018లో మొదలైంది. కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యంలో ప్రసారం చేస్తాయి. డాప్లర్ మార్పును బట్టి డిస్క్‌లో ఎక్కడి వాయువు ఎంత వేగంతో కదులుతోందో ఆల్మా కొలుస్తుంది. గ్రహం లేకపోతే ఆ వేగాల పటం పొందికగా, సాఫీగా ఉండాలి. సుమారు 330 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌డీ 163296 డిస్క్ మీద ఆ ఏడాది జూన్‌లో రెండు పరిశోధనలు ఒకేసారి వచ్చాయి. రిచర్డ్ టీగ్ బృందం ఖాళీల అంచుల్లో వాయువు పీడనపు తేడాను కొలిచి, 83, 137 ఖగోళ ప్రమాణాల దగ్గర గురుగ్రహం పాటి గ్రహాలుండాలంది. క్రిస్టోఫ్ పింట్ బృందం ఇంకా దూరాన, 260 ఖగోళ ప్రమాణాల దగ్గర, వేగాల పటంలో ఒకచోట మాత్రమే పడిన వంకరను చూపింది. అక్కడ గురుగ్రహానికి రెండింతల బరువున్న గ్రహం ఉంటే ఆ వంకర సరిపోతుంది. నాకు ఈ రెండో ఆధారం ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. వలయం డిస్క్ చుట్టూ ఒకేలా ఉంటుంది కాబట్టి దానికి గ్రహం లేని కారణాలు చాలా చెప్పొచ్చు. ఒకే మూల వంకర పడిందంటే ఆ మూలన ఏదో ఉందనే చెప్పాలి. ఈ పద్ధతిని విస్తరించి 15 డిస్క్‌లను లోతుగా చూసిన ఎక్సోఆల్మా ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ధూళి వలయాలు చాలాచోట్ల నిజంగానే పీడనపు ఎత్తుల మీద కూర్చున్నాయని వాటిలో తేలింది. విపుల్ చెప్పిన యాభై ఏళ్లకు.

అనుమానం, సాక్ష్యం, గ్రహం అన్నీ ఒకేచోట కుదిరిన డిస్క్ పీడీఎస్ 70. కాస్త ఆగి చూడదగ్గది. సుమారు 370 కాంతి సంవత్సరాల దూరం, వయసు 50 లక్షల ఏళ్ల పైచిలుకు, నక్షత్రం బరువు సూర్యుడి కంటే కాస్త తక్కువ. దాని డిస్క్ నడుమ నెప్ట్యూన్ కక్ష్యను లోపల పెట్టుకుని ఇంకా చోటు మిగిలేంత పెద్ద ఖాళీ ఉంది. బయట 70 ఖగోళ ప్రమాణాలు దాటాక దట్టమైన ధూళి వలయం. 2018లో మిరియమ్ కెప్లర్ బృందం స్ఫియర్‌తో ఆ ఖాళీలో, నక్షత్రం నుంచి సుమారు 22 ఖగోళ ప్రమాణాల దూరంలో, పీడీఎస్ 70బి గ్రహాన్ని ఫొటో తీసింది. మరుసటి ఏడాది సెబాస్టియన్ హాఫర్ట్ బృందం 34 ఖగోళ ప్రమాణాల దగ్గర రెండోదాన్ని, పీడీఎస్ 70సిని పట్టుకుంది. పట్టిచ్చింది హైడ్రోజన్ ఎర్రకాంతి. మీద పడుతున్న వాయువు వేడెక్కి ఆ కాంతి విడుదల చేస్తుంది. అంటే ఆ గ్రహాలు ఖాళీ చేయడమే కాదు, ఇంకా తింటూ పెరుగుతున్నాయి. లోపలిది రెండు చుట్లు తిరిగేసరికి బయటిది ఇంచుమించు ఒక చుట్టు తిరుగుతుంది. రెండింటి చాళ్లు కలిసిపోయి ఒకే పెద్ద ఖాళీ అయింది. ఒక్క గ్రహంతో అంత వెడల్పు రాదు. చాలా డిస్క్‌ల నడిబొడ్డున కనిపించే పెద్దపెద్ద ఖాళీలకు ఒకటికి మించిన గ్రహాలు కావాలన్న పాత వాదానికి ఇది గట్టి బలం.

సి గ్రహం చుట్టూ దాని సొంత చిన్న డిస్క్ కూడా ఉంది. 2021లో మిరియమ్ బెనిస్టీ బృందం ఆల్మాతో దాన్ని బయటి వలయం నుంచి విడదీసి చూపించింది. అడ్డంగా సుమారు ఒక ఖగోళ ప్రమాణం. మన చంద్రుడి పాటివి మూడు తయారయ్యేంత ధూళి అందులో ఉంది. మరో సంగతి 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చెప్పింది. రెండు పెద్ద గ్రహాలకు లోపల, నక్షత్రానికి బాగా దగ్గరగా, రాతిగ్రహాలు పుట్టే చోట నీటి ఆవిరి ఉంది. బయటి నుంచి సరఫరా పూర్తిగా ఆగిపోతే ఇన్నేళ్ల తర్వాత అక్కడ ధూళీ నీరూ మిగలడం కష్టం. గ్రహాల గట్టును దాటి వాయువు, దానితోపాటు సన్నధూళి లోపలికి చేరుతున్నాయనుకోవాలి. గ్రహం అడ్డుగోడ కాదు, జల్లెడ. ముతకది ఆగుతుంది, సన్నది దాటుతుంది. లోపల పుట్టబోయే గ్రహాలకు ఎంత నీరు, ఎంత రాయి దక్కుతుందో ఈ జల్లెడ కన్నాలే తేలుస్తాయి.

పీడీఎస్ 70లో ఖాళీ నడుమ ఉంది. హెచ్‌ఎల్ టౌ తరహాలో వలయాల మధ్య సన్నటి పట్టీలో గ్రహాన్ని చూడటం మాత్రం చాలా ఏళ్లు కుదరలేదు. వెతికినచోటల్లా ఏమీ దొరక్కపోతుంటే వలయాలకు గ్రహాలే కారణమన్న వాదం బలహీనపడసాగింది. 2025 ఆగస్టులో అది దొరికింది. సుమారు 430 కాంతి సంవత్సరాల దూరంలోని విస్పిట్ 2 అనే నక్షత్రం, వయసు 50 లక్షల ఏళ్ల పాటిది. లైడెన్ విశ్వవిద్యాలయపు రిషెల్ వాన్ కాపెల్‌వీన్ తదితరులు బహుళ వలయాల డిస్క్‌ను, అందులో ఒక ఖాళీలో 57 ఖగోళ ప్రమాణాల దగ్గర గురుగ్రహానికి సుమారు ఐదింతల బరువున్న గ్రహాన్ని ఫొటో తీశారు. లైర్డ్ క్లోజ్ బృందం వేరే టెలిస్కోపుతో, హైడ్రోజన్ ఎర్రకాంతిలో అదే చుక్కను చూసింది. ఖాళీ, గ్రహం, వాయువు పడుతున్న గుర్తు, మూడూ ఒకేచోట. వలయాల నడిమి ఖాళీలో గ్రహం తిరుగుతుందన్న మాట ఇక సిద్ధాంతం కాదు. అయితే అన్ని ఖాళీల్లోనూ తిరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

దానికి ఏబీ ఆరిగే అనే నక్షత్రపు డిస్క్ మంచి హెచ్చరిక. 2022లో థేన్ కరీ బృందం హవాయిలోని సుబారు టెలిస్కోప్‌తో ఆ డిస్క్‌లో 93 ఖగోళ ప్రమాణాల దగ్గర గురుగ్రహానికి సుమారు తొమ్మిదింతల పసి గ్రహం ఉందని చెప్పింది. అది గ్రహం కాదు, నక్షత్రపు వెలుగు పడ్డ ధూళి గుట్టేమోనని మరికొందరు అడ్డుచెప్పారు. 2024లో జెస్ స్పీడీ బృందం వాయువు వేగాల్ని కొలిచి, ఆ డిస్క్ తన బరువు తానే మోయలేక సర్పిలాకారపు చేతులుగా కుంగుతోందని చూపింది. అదే నిజమైతే చేతులు గ్రహం లేపినవి కావు. ఆ చేతుల్లోంచే గ్రహం విడిపోయి పుట్టొచ్చు. గ్రహం డిస్క్‌ను మలిచిందా, డిస్క్ గ్రహాన్ని మలిచిందా అన్న ప్రశ్న ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది.

వయసు దగ్గర కూడా ఇదే ముడి. 2020లో ఐఆర్‌ఎస్ 63 అనే డిస్క్‌లో, నక్షత్రం వయసు ఐదు లక్షల ఏళ్లు కూడా లేకుండానే వలయాలు కనిపించాయి. కానీ 2023లో ఈడిస్క్ పేరుతో 19 పసి డిస్క్‌లను చూస్తే వాటిలో చాలావాటిలో స్పష్టమైన వలయాలు లేవు. వలయాలు అంత తొందరగా అన్నిచోట్లా కట్టవన్నమాట. పుట్టీపుట్టని దశకూ, పది లక్షల ఏళ్లకూ మధ్య ఏదో జరుగుతోంది. వలయం ముందొచ్చి దాంట్లో పోగుపడ్డ ధూళి తొలి గ్రహాన్ని కంటే, ఆ గ్రహం తవ్విన చాలు గట్టు మీద రెండో గ్రహం పుడితే, అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం అని విడదీయలేం. ఈ గొలుసు వాదమే ప్రస్తుతానికి సబబుగా తోస్తోంది. ఇంకా రుజువు కాలేదు.

వలయాలు మస్తుగా ఉన్నాయి, దూరాన పెద్ద గ్రహాలు మాత్రం అరుదుగా దొరుకుతున్నాయన్న అభ్యంతరం ఒకటి తరచూ వినిపిస్తుంది. ఇది కొంతవరకే నిజం. ప్రస్తుత టెలిస్కోపులు దూరాన చూడగలిగేది గురుగ్రహానికి కొన్ని రెట్ల బరువున్న వాటినే. చాలా ఖాళీలకు నెప్ట్యూన్ పాటిది సరిపోతుంది, అది కంటికి ఆనదు. పైగా మనం పదేపదే ఫొటో తీసినవి పెద్ద, వెలుగున్న డిస్క్‌లు. నీంకే వాన్ డెర్ మారెల్, గైస్ మల్డర్స్ 2021లో వందలాది డిస్క్‌లను పోగేసి చూస్తే, వలయాలున్న పెద్ద డిస్క్‌లు బరువైన నక్షత్రాల దగ్గరే ఎక్కువ. పెద్ద గ్రహాలు ఎక్కువగా ఉండేదీ అలాంటి నక్షత్రాల దగ్గరే. లెక్క కుదరాలంటే ఇప్పుడు దూరాన చాలు దున్నుతున్న గ్రహాలు తర్వాత లోపలికి రావాలి.

రావడానికి దారి కూడా ఆ సిద్ధాంతంలోనే ఉంది. గ్రహం వాయువును లాగితే వాయువూ గ్రహాన్ని లాగుతుంది. లోపలి వాయువు గ్రహాన్ని ముందుకు, బయటి వాయువు వెనక్కి లాగుతాయి. సాధారణంగా బయటిదే పైచేయి, గ్రహం లోపలికి జారుతుంది. 1995లో మిషెల్ మయోర్, డిడియే కెలో 51 పెగాసి చుట్టూ నాలుగు రోజులకొకసారి తిరిగే గురుగ్రహం లాంటిదాన్ని కనుక్కున్నప్పుడు, అంత దగ్గర అంత పెద్దది పుట్టడం అసాధ్యమనిపించింది. పదిహేనేళ్లుగా కాగితం మీదున్న వలస సిద్ధాంతం అప్పుడు ఒక్కసారిగా అందరికీ అవసరమైంది. ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలు ఒకదానితో ఒకటి అనునాదపు లంకెలో తిరగడం కూడా డిస్క్‌లో కలిసి జారివచ్చిన గుర్తేనని చాలామంది ఒప్పుకుంటారు. చాలు దున్నే గ్రహం ఆ చాల్లోనే నిలిచి ఉండదన్నమాట. ఖాళీ ఉన్నచోటే గ్రహం ఉండాలని వెతకడంలో ఇదొక చిక్కు.

మన సౌరకుటుంబం కూడా ఈ వివాదంలో పక్షమే. భూమి మీద పడ్డ ఉల్కలు రెండు వేర్వేరు రసాయన వంశాలకు చెందుతాయని మాలిబ్డినం, టంగ్‌స్టన్ ఐసోటోపులు చెబుతాయి. రెండు వంశాలూ ఒకే కాలంలో, ఒకదానితో ఒకటి కలవకుండా రూపుదిద్దుకున్నాయి. గురుగ్రహపు గర్భం పది లక్షల ఏళ్లలోపే భూమికి 20 రెట్ల బరువుకు చేరి మధ్యలో గట్టు వేసిందని 2017లో థామస్ క్రైయర్ బృందం వాదించింది. పీడీఎస్ 70లో చూసిన జల్లెడే, 450 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ. గురుగ్రహం ఆ పని చేసేంత తొందరగా పెరగలేదనీ, అక్కడ ముందునుంచే ఒక పీడనపు వలయం ఉండాలనీ 2020లో రామన్ బ్రాసర్, స్టీఫెన్ మోజిస్ ఎదురు చెప్పారు. గ్రహం ముందా, వలయం ముందా అన్న అదే తగవు మన ఇంట్లోనూ ఉంది, రాళ్లు చేతిలో ఉండి కూడా తేలలేదు.

భూమిలాంటి గ్రహాల చాళ్ల సంగతికి వస్తే, ఇంతవరకూ ఫొటోల్లో స్పష్టంగా విడివడినవి దాదాపు అన్నీ మన గురుగ్రహపు దూరానికి అవతలివే. ఒక మినహాయింపు టీడబ్ల్యూ హైడ్రే. 200 కాంతి సంవత్సరాల లోపు దూరంలో, ఇలాంటి డిస్క్‌లలో మనకు అన్నిటికంటే దగ్గర. 2016లో ఆండ్రూస్ బృందం ఆల్మాతో అందులో ఒక్క ఖగోళ ప్రమాణం దగ్గర, భూమి సూర్యుడికి ఉన్నంత దూరంలో, చీకటి పట్టీని చూసింది. అక్కడ గ్రహం ఉందో లేదో చెప్పాలంటే నక్షత్రపు వెలుగు నుంచి ఆ కొద్దిపాటి ఎడాన్ని విడదీయాలి. 8 మీటర్ల అద్దానికి అది పరారుణ కాంతిలో అందదు. చిలీలోని సెర్రో అర్మజోనెస్ కొండ మీద కడుతున్న ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోప్ అద్దం 39 మీటర్లు, దానికి ఆ ఎడం అందుతుంది.